దీపావళి సంచికకు కథ పంపే రోజులు

బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల ముందు ఓపిగ్గా నిలబడితే, ఇప్పటికీ ఎప్పుడో ఒకసారి పాత దీపావళి సంచిక ఒకటి చేతికి తగులుతుంది. అట్ట మీద వడ్డాది పాపయ్య బొమ్మ. కింది మూల చిరిగి ఉంటుంది. వెన్నుకు కొట్టిన పిన్నులు తుప్పు పట్టి, కాగితం మీద గోధుమరంగు చారలు దిగి ఉంటాయి. లోపల కథలే కథలు. యువ, జ్యోతి మాసపత్రికల దీపావళి సంచికలంటే చదివి పారేసేవి కావు, బీరువాలో పెళ్ళి ఫొటోల పక్కన దాచుకునేవి. కథలు రాయడం అలవాటున్నవాళ్ళ కళ్ళు మాత్రం ఆ సంచికలో ముందు వెతికేది కథల్ని కాదు. ఏ తలనూనె ప్రకటన పక్కనో సన్న అక్షరాల్లో ఇరికించిన చిన్న డబ్బాని: 'రచయితలకు సూచనలు'.

ఏడెనిమిది వాక్యాలు, అంతే. కాగితానికి ఒకవైపే రాయాలి. అరఠావు సైజులో పది పేజీలు మించకూడదు. హామీపత్రం జతచేయాలి. తగినన్ని స్టాంపులు అంటించిన కవరు పంపితేనే తిప్పి పంపుతాం. నకలు దగ్గర ఉంచుకోండి. కవరు మీద 'దీపావళి కథల పోటీకి' అని రాయండి. ఎంపిక విషయంలో ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. సంపాదకులదే తుది నిర్ణయం.

ఆ వాక్యాలు బెజవాడలో కథలు రాసేవాళ్ళందరికీ కంఠతా వచ్చు. అవి పత్రికాఫీసు దర్జా కోసం పెట్టిన షరతులని చాలామంది అనుకునేవారు. కానే కాదు. ఒక్కో వాక్యం వెనకా అచ్చు యంత్రమో, తపాలా సంచీయో, పంచాంగమో ఉండేది. ఆ సంగతి తెలిసి పంపినవాళ్ళ కథలు తొందరగా అచ్చయ్యేవి. తెలియనివాళ్ళ కథలు, మంచివి కూడా, సబెడిటరు బల్ల కింద కట్టల్లో మగ్గేవి.

ఇదంతా బెజవాడలోనే ఇంత దగ్గరగా ఎందుకు కనపడేదంటే, పత్రికలు ఇక్కడే ఉండేవి కనక. 1952లో విశాలాంధ్ర, 1960 జూలై 1న నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి దినపత్రిక, 1967లో దాని వారపత్రిక, 1970లో స్వాతి మాసపత్రిక, 1981లో ఇప్పటి ప్రజాశక్తి దినపత్రిక, 1984లో స్వాతి వారపత్రిక, అన్నీ ఈ ఊళ్ళోనే పుట్టాయి. ఆంధ్రప్రభ మద్రాసులో పుట్టినా ఇక్కడికొచ్చి చేరింది. ఏలూరు రోడ్డు పొడుగునా పుస్తకాల షాపులు, వాటి వెనక సందుల్లో ప్రెస్సులు, బైండింగు షెడ్లు. రాత్రయితే అచ్చయిన కట్టలు స్టేషన్‌కి వెళ్ళేవి. అటు విశాఖ వైపు, ఇటు మద్రాసు వైపు, అటు సికింద్రాబాదు వైపు, ఎటు పోయే రైలయినా ఇక్కడ ఆగాల్సిందే మరి. ఇంత పెద్ద జంక్షన్ ఉండబట్టే పత్రికలు ఇక్కడికొచ్చి కూర్చున్నాయని నా నమ్మకం.

ఆఫీసు సైకిలు మీద పది నిమిషాల దూరంలోనే ఉన్నా, కథని చేత్తో తీసుకెళ్ళి ఇవ్వడం తెలివైన పని కాదు. పోస్టులో వచ్చిన కవరుకి ఇన్వర్డు రిజిస్టర్లో ఒక నంబరు పడేది. తేదీ, కథ పేరు, ఊరు ఎక్కేవి. చేత్తో ఇచ్చిన కథ ఎవరో పరిచయస్తుల సొరుగులోకి వెళ్ళేది, వాళ్ళు సెలవు పెడితే సొరుగు తాళం పడేది. అందుకే బెజవాడలో ఉన్నవాళ్ళు కూడా బెజవాడ నుంచి బెజవాడకే స్టాంపులు అంటించి పంపేవారు. గడువు రేపనగా కథ పూర్తయితే స్టేషన్ దగ్గర ఆర్.ఎం.ఎస్., అంటే రైల్వే తపాలా ఆఫీసు, ఉండనే ఉంది.

గడువంటే గుర్తొచ్చింది, కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా తప్పేది అక్కడే. దీపావళి దగ్గరపడ్డాక దీపావళి కథ రాయడం మొదలుపెడతారు. అప్పటికి ఆ సంచిక అచ్చు కూడా సగం అయిపోయి ఉంటుంది. లెక్క వెనకనుంచి వేసుకోవాలి. పండక్కి వారం పదిరోజుల ముందే సంచిక స్టాల్లో వేలాడాలి. ఆ లోపు ఏజెంట్ల ఆర్డర్లకి సరిపడా కట్టలు కట్టి రైళ్ళకెక్కించాలి. దానికి ముందు బైండింగు, దానికి ముందు అచ్చు. మామూలు సంచికకి మూడు నాలుగింతలు పేజీలు కాబట్టి రోజుల తరబడి సాగేది. దానికీ ముందు కంపోజింగ్ (అచ్చు అక్షరాలు కూర్చడం), ప్రూఫులు, బొమ్మలు. అన్నిటికన్నా ముందు వచ్చిన కథలన్నీ చదివి ఏరడం. మొత్తం కలిపితే పది పన్నెండు వారాలు. అందుకే పోటీ ప్రకటన ఆషాఢమాసంలో పడేది, గడువు ఆగస్టు నెలాఖరుకి అటూ ఇటూ ముగిసేది.

ఇందులో బయటివాళ్ళకి తట్టని చిక్కు ఒకటుంది: దసరా. విజయదశమికీ దీపావళి అమావాస్యకీ మధ్య సరిగ్గా ఇరవై తిథులు. నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి జనంతో ఊరంతా కిక్కిరిసిపోతుంది. ఆయుధపూజ నాడు అచ్చు యంత్రాలకి పసుపు కుంకుమ పెట్టి ఆపేస్తారు. కంపోజిటర్లు, బైండర్లు పండక్కి ఊళ్ళకి పోతారు. వాళ్ళు తిరిగొచ్చాక చేద్దామంటే ఇరవై రోజులు చాలవు. కాబట్టి దీపావళి మ్యాటరు చాలావరకు దసరా లోపే మిషనెక్కాలి. గడువు మరో వారం పెంచమని రచయితలు ఎంత బతిమాలినా పత్రికలు పెంచలేకపోయింది ఇందుకే.

ఇంకో తిరకాసు అధికమాసం. దీపావళి ఏటా ఒకే తేదీకి రాదు. 2025లో అక్టోబరు 20న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో నవంబరు 8న వస్తుంది. అంటే పందొమ్మిది రోజులు ఆలస్యం. గడువూ దాంతోపాటే జరుగుతుంది. ఉగాదికీ అంతే: 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. నిరుటి గడువు గుర్తుపెట్టుకుని ఈ ఏడు పంపితే దెబ్బతింటారు. సంక్రాంతి ఒక్కటే నమ్మకంగా జనవరి 14, 15 దగ్గరే నిలుస్తుంది, సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ కనక. దాని కథలు నవంబరు లోపు చేరితే మంచిది. రాసే బల్ల మీద నిఘంటువు పక్కన పంచాంగం కూడా ఉంచుకోవడం రచయితకి పాత అలవాటు. ఆ అలవాటుతో ఇప్పటికీ పని ఉంది.

'కాగితానికి ఒకవైపే' అన్నదానికి చదవడానికి బాగుంటుందనే కదా అనుకుంటాం. అసలు కారణం కంపోజింగ్ సెక్షన్లో ఉంది. సీసం అక్షరాలు చేత్తో ఏరి కూర్చే రోజుల్లో ఒక కథను ఒక్కడే కూరిస్తే రెండు మూడు రోజులు పట్టేది. అందుకని ఫోర్‌మన్ కథని విడదీసి పంచేవాడు: మొదటి మూడు కాగితాలు ఒకరికి, తరవాతి నాలుగు ఇంకొకరికి, మిగతావి మరొకరికి. కాగితానికి రెండువైపులా రాస్తే ఎలా పంచాలి? ఒకరు ముందువైపు కూర్చేదాకా ఇంకొకరు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అలాంటి రాతప్రతి పక్కకి పోయేది. ఎంత గొప్ప కథైనా దాన్ని మళ్ళీ ఒకవైపు ఎత్తిరాసే తీరిక ఆఫీసులో ఎవరికీ ఉండేది కాదు.

పంచిన కాగితాలు మళ్ళీ ఒకచోటికి చేరాలి. అందుకే ప్రతి పేజీ పైన కథ పేరు, పేజీ అంకె. పది కాగితాల కథైతే 3/10, 4/10 అని రాసేవారు తెలివైనవాళ్ళు. చివరి కాగితం జారిపోతే అది ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియని ప్రమాదం దాంతో తప్పేది. ఎడమవైపు రెండంగుళాల మార్జిను సబెడిటరు ఎర్రసిరా కోసం. వరసకీ వరసకీ మధ్య ఖాళీ కూడా అందుకే. కొట్టివేతలుంటే అడ్డగీత ఒక్కటే గీసి పైన సరైన మాట రాయాలి. గజిబిజిగా గీకితే కంపోజిటరు ఊహించి కూర్చేవాడు. 'మామ' కాస్తా 'మమ' అయ్యేది, 'పాలు' కాస్తా 'పాటు' అయ్యేది. గుండుసూదితో గుచ్చితే మీద తుప్పు, చేతికి పోటు. మూలన ట్యాగు కట్టడమే మేలు.

పది పేజీల హద్దు సంగతికొస్తే, అరఠావు మీద సాఫీగా రాస్తే పేజీకి ఇరవై వరసలు, వరసకి ఏడెనిమిది మాటలు. అంటే పేజీకి నూట యాభై మాటలు. పది పేజీలు కలిపి పదిహేను వందలు. వారపత్రిక పేజీలో అచ్చుకి అది, శీర్షికకీ బొమ్మకీ పోను, సుమారు మూడు పేజీలు. మరి నాలుగు పేజీలైతే ఏం? అక్కడే ఫారం లెక్క వస్తుంది. అచ్చులో పేజీ పేజీగా వేయరు. ఒక పెద్ద కాగితానికి ఇటు ఎనిమిది, అటు ఎనిమిది, మొత్తం పదహారు పేజీలు ఒక ఫారం. సంచిక పేజీలు ఎప్పుడూ ఆ లెక్కలోనే పెరగాలి, తరగాలి. ఒక కథ అర పేజీ ఎక్కువైతే ఎక్కడో అర పేజీ తగ్గించాల్సిందే.

అలా తగ్గించేటప్పుడు మేకప్ చేసేవాళ్ళ, అంటే పేజీలు అమర్చేవాళ్ళ, చూపు ముందు పడేది కథ చివరి మీద. ఆఖరి పేరాలో రచయిత వచ్చి నీతి చెబుతుంటే కత్తెర అక్కడే పడేది. కథకి నష్టం లేదు కనక. ముగింపుకి ముందే కథ అయిపోయిన ప్రతులు నిజానికి ఆ కోతతో బాగుపడ్డాయి కూడా. చిక్కల్లా అసలు మలుపు ఆఖరి వాక్యంలో పెట్టినవాళ్ళకి. తొందరలో ఆ వాక్యమే ఎగిరిపోయేది, పాఠకుడు పేజీ తిప్పి ఇంకా ఉందేమోనని వెతుక్కునేవాడు. అనుభవం ఉన్నవాళ్ళు హద్దుకి అర పేజీ తక్కువగానే పంపేవారు.

ఇదే లెక్క చిన్న కథకి వరమైంది. పెద్ద కథలన్నీ సర్దాక ఎక్కడో ఒక పేజీ మిగిలిపోతుంది. దానికి సరిపడే కథ కోసం సబెడిటరు కట్టలన్నీ తిరగేస్తాడు. సింగిల్ పేజీ కథలు, కార్డు కథలు చోటు దక్కించుకున్నది అలాగే. పోటీకి పంపిన పెద్ద కథ కట్టలో మూడు వందలవదిగా ఉండిపోతుంటే, నాలుగు వందల మాటల కథ రెండు నెలల్లో అచ్చయ్యేది. పెద్దపేరు లేని రచయితకి తలుపు తెరిచింది ఎక్కువగా ఈ ఒంటిపేజీ కథే.

బొమ్మ సంగతి చాలామంది పట్టించుకోరు గాని, కథ కంపోజింగ్‌కి పోకముందే చిత్రకారుడి చేతికి వెళ్ళేది. బాపు, బాలి, చంద్ర, ఎవరైనా సరే, వాళ్ళకి కథలో కంటికి కనపడేది ఒకటి కావాలి. పండగ సంచికకి పాతిక ముప్ఫై బొమ్మలు ఒకేసారి గీయాలి కాబట్టి అంతా మొదటి రెండు మూడు పేజీల్లోనే దొరకాలి. మనిషి వయసు, కట్టు, ఎక్కడ నిలబడింది, చేతిలో ఏముంది ముందే చెప్పేయాలి. ఎనిమిదో పేజీలో 'తెల్లజుట్టు సవరించుకుంటూ' అని రాస్తే ఏం లాభం? అప్పటికి మొదటి పేజీ మీద పాతికేళ్ళ అమ్మాయి నల్లటి జడతో అచ్చయి ఉంటుంది. తప్పు చిత్రకారుడిది కాదు.

హామీపత్రం ఒక చిన్న చీటీ. మాటలు దాదాపు అందరివీ ఒకటే: 'ఈ కథ నా స్వంతం. దేనికీ అనువాదం గాని, అనుసరణ గాని కాదు. ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం, ప్రసారితం కాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు.' కింద సంతకం, తేదీ, చిరునామా. ఇందులో 'ప్రసారితం' అన్న మాటని తేలిగ్గా తీసుకునేవాళ్ళు దొరికిపోయేవారు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది, అప్పట్నుంచీ కథానికలు చదివిస్తూనే ఉంది. అక్కడ చదివిన కథనే పోటీకి పంపితే, విన్న శ్రోత ఒక్క కార్డు ముక్క రాసినా చాలు. రేడియోకీ పత్రికకీ కొలతలు కూడా వేరు. పది నిమిషాల కథానికంటే తీరిగ్గా చదివితే తొమ్మిది వందలు, వెయ్యి మాటలు. సంభాషణలో ఎవరు మాట్లాడుతున్నారో వినగానే తెలియాలి. అచ్చులో కొటేషన్ గుర్తు చేసే పని అక్కడ వాక్యం చేయాలి.

చివరి హామీ ఇంకా ముఖ్యం. దీపావళి పోటీ ఫలితాలు దీపావళి సంచికలోనే వచ్చేవి. అంటే కథ మూడు నెలలు అక్కడే ఇరుక్కుపోతుంది. ఓపిక పట్టలేక అదే కథ ఇంకో పోటీకి కూడా పంపితే, రెండూ ఎంపిక చేసిన రోజున పేరు రెండుచోట్లా చెడుతుంది. ఎన్నో ఏళ్ళు వెంటాడే చెడ్డపేరది. ఫలితాల్లో పేరు లేకపోయినా కథ పోయినట్టు కాదు. 'సాధారణ ప్రచురణకు స్వీకరించినవి' అన్న జాబితా ఒకటి ఉండేది. అందులో ఉంటే ఏడాదిలో ఎప్పుడో వస్తుంది. అందులోనూ లేకపోతే కార్డు రాసి, కథని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, అప్పుడు వేరేచోటికి పంపడం పద్ధతి.

పోటీ కథకి ప్రతి మీద పేరు రాయకూడదు. కథ పేరు మాత్రమే. పేరు, చిరునామా విడి కాగితం మీద. ఆఫీసులో రెంటికీ ఒకే నంబరు వేసి, పేరున్న కాగితం తీసి దాచి, కథని న్యాయనిర్ణేతలకి పంపేవారు. అలవాటు కొద్దీ ఆఖరి పేజీ కింద సంతకం చేసేసినవాళ్ళు ఆ సంతకంతోనే పోటీ నుంచి తప్పుకున్నట్టు.

ఇక కవరు. డెబ్బై జీఎస్ఎం ఏ4 కాగితం ఒకటి నాలుగున్నర గ్రాముల లోపు తూగుతుంది. పది కాగితాలు, పేరు కాగితం, హామీపత్రం, తిరుగు కవరు, పై కవరు అన్నీ కలిపితే డెబ్బై గ్రాములకి అటూ ఇటూ. తపాలా లెక్క ఇరవై గ్రాముల మెట్లలో నడుస్తుంది కాబట్టి నాలుగు మెట్ల స్టాంపులు. మామూలు ఉత్తరమే కదా అని ఒక్క స్టాంపు అంటిస్తే అది బేరింగ్ అవుతుంది, తక్కువైన దానికి రెట్టింపు పుచ్చుకునేవాళ్ళు కట్టాలి. రోజుకి అన్ని కవర్లొచ్చే ఆఫీసు బేరింగ్ కవరు తీసుకుంటుందా? వద్దని తిప్పికొట్టేది. కథ చదవకుండానే వెనక్కి రావడానికి పెద్ద కారణం ఇదే. కథ బాగోలేక తిరిగొచ్చిందనుకుని కుమిలిపోయినవాళ్ళు కవరు మీద గుర్తు చూసి ఉంటే అసలు సంగతి తెలిసేది.

తిరుగు కవరు గురించీ ఒక మాట. దాన్ని పొడుగ్గా మడిచి కథతోపాటు పెట్టాలి. మన చిరునామా మనమే రాసి, వచ్చేటప్పటి బరువుకి సరిపడా స్టాంపులు ముందే అంటించాలి. కొందరు స్టాంపులు విడిగా పెట్టి పంపేవారు, అవి కవరు చింపేటప్పుడు రాలిపోయేవి. తిరుగు కవరులో కథ తిరిగొస్తే అది చేదు రోజే. అయినా ఎత్తిరాసే పని లేకుండా అదే ప్రతి ఇంకోచోటికి పంపొచ్చు. మొదటి కాగితం మాత్రం కొత్తది రాయాలి. మడతలు పడి, మూలన ఇంకో పత్రిక నంబరున్న కాగితం చూస్తే ఎవరో వద్దన్న కథని ఇట్టే తెలిసిపోతుంది.

అచ్చయిన కథకి డబ్బు మనియార్డరుగా వచ్చేది. కింద కూపన్ ముక్కలో కథ పేరు, సంచిక తేదీ రాసి ఉండేవి. ఆ ముక్కని చాలామంది డబ్బుకన్నా భద్రంగా దాచుకున్నారు.

ఆ లోకం ఒక్కసారిగా పోలేదు, విడతలు విడతలుగా తగ్గింది. 1924లో పుట్టిన భారతి మాసపత్రిక 1991లో ఆగిపోయింది. 2000 చివర్లో ఆంధ్రజ్యోతి మూతపడి, 2002లో మళ్ళీ తెరుచుకుంది. 1978 నుంచి వచ్చిన విపుల, చతుర మాసపత్రికలు 2021లో సెలవు తీసుకున్నాయి. అచ్చు పత్రికల్లో కథకి ఇప్పుడు మిగిలిన పెద్ద చోటు దినపత్రికల ఆదివారం అనుబంధాలే. వారానికి ఒక కథ అంటే ఏడాదికి యాభై రెండు. ఆ యాభై రెండింటికి రాష్ట్రాలు రెండూ, అమెరికా కూడా పోటీపడుతున్నాయి. అందుకే పండగ పోటీల విలువ తగ్గలేదు సరికదా పెరిగిందంటాను. ఉగాదికి అమెరికా నుంచి వంగూరి ఫౌండేషన్ ఏటా జరిపే రచనల పోటీ ఉంది. 1998లో మొదలైన ఈమాట లాంటి వెబ్ పత్రికలున్నాయి. అక్కడ ఫారం లెక్క లేదు, నిడివి బెంగ తక్కువ. బదులుగా సంపాదకులు కథని రెండుమూడుసార్లు దిద్దమంటారు. విసుక్కోకుండా దిద్దినవాళ్ళే బాగుపడ్డారు. 1990 నుంచి కథాసాహితి వేస్తున్న వార్షిక 'కథ' సంకలనాలకి మాత్రం విడిగా పంపే పని లేదు. ఆ ఏడాది అచ్చయిన కథల్లోంచి వాళ్ళే ఏరతారు.

సూచనల డబ్బా ఇప్పుడూ ఉంది, మాటలే మారాయి. 'ఒకవైపే రాయాలి' పోయి 'యూనికోడ్‌లో వర్డ్ ఫైలు పంపాలి' వచ్చింది. కారణం మాత్రం పాతదే: అవతలివాళ్ళు కథని మళ్ళీ కూర్చే పని పడకూడదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టి పంపితే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో కథంతా పిచ్చిగీతలు. మార్పిడి చేసి పంపితే ఒత్తులు చెదురుతాయి. ముఖ్యంగా మూడక్షరాల సంయుక్తాలు. మార్చాక 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' ఎలా ఉన్నాయో వెతికి చూస్తే మిగతా కథ సంగతి తెలిసిపోతుంది. కొందరు అక్షరం పక్కన పెట్టే సున్నా బదులు సున్నా అంకె కొడతారు, విసర్గ బదులు రెండు చుక్కల గుర్తు కొడతారు. కంటికి తేడా ఉండదు, ఫాంటు మార్చగానే బయటపడుతుంది. ఇంగ్లీషు మాటల దగ్గర పొల్లు విడిగా నిలవకపోతే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతుంది. కీబోర్డులో దాన్ని విడదీసే మీట ఎక్కడుందో ఒకసారి నేర్చుకుంటే సరిపోతుంది. ఫోనులో నోటితో చెప్పి రాయిస్తే 'ళ', 'ణ' తరచూ తప్పుతాయి, ఫుల్‌స్టాపులే ఉండవు. అలా రాసిన కథని కనీసం ఒకసారి కాగితం మీద అచ్చు తీసుకుని చదవాలి. తెర మీద కనపడని తప్పు కాగితం మీద కనపడుతుంది.

సంతకం పొరపాటు కూడా కొత్త వేషంలో వచ్చింది. కథలో పేరు తీసేసి, ఫైలుకి మాత్రం తమ పేరే పెట్టి పంపుతారు. ఫైలుకి కథ పేరు పెట్టాలి. పేరు, చిరునామా, ఫోను, బ్యాంకు ఖాతా వివరాలు విడి ఫైలులో. 'ఎక్కడా ప్రచురితం కాలేదు' అన్న మాటలోకి ఇప్పుడు ఫేస్‌బుక్కు, బ్లాగు, వాట్సాప్ గ్రూపు అన్నీ వస్తాయి. నలుగురు స్నేహితుల అభిప్రాయం కావాలంటే విడివిడిగా పంపండి. ఫేస్‌బుక్ గోడ మీద పెట్టిన కథ పోటీకి పనికిరాదు.

ఏం రాయాలన్నది ఎవరికి వారే తేల్చుకోవాల్సిన సంగతి. అయినా పండగ సంచికకి కథలు చదివేవాళ్ళ బల్ల మీద పేరుకునేవి ఏవో చెబితే తప్పులేదు. సంక్రాంతికి అమెరికా నుంచి రాని కొడుకు కోసం అరుగు మీద ఎదురుచూసే తల్లిదండ్రులు, దీపావళికి టపాకాయలు కొనుక్కోలేని పేదపిల్లాడు, ఉగాది పచ్చడి ఆరు రుచుల్ని జీవితానికి పోల్చే తాతయ్య. ఈ మూడూ ఏటా వస్తాయి, కట్టలు కట్టలుగా వస్తాయి. సంచికలో అలాంటిది ఒక్కటే పడుతుంది. ఎప్పుడూ కరువుగా ఉండేది హాస్యకథ. పండగ సంచికకి అది లేకపోతే నిండుదనం రాదు, రాసేవాళ్ళేమో తక్కువ. ఆ తరవాతి కరువు పనీపాటల కథ. మిర్చియార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేవాళ్ళు, మంగళగిరి మగ్గాలు, పండగ రోజు కూడా డ్యూటీలో ఉండే బస్సు డ్రైవరు, అచ్చాఫీసులో రాత్రంతా మేలుకుని పండగ సంచిక కట్టలు కట్టేవాళ్ళు. వీళ్ళ పండగ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు రాస్తే ఆ కథ కట్టలోంచి తనంతట తనే పైకి వస్తుంది.

పాత పండగ సంచికలు తిరగేయాలనుకునేవాళ్ళకి దారులున్నాయి. 1989 నుంచి ఏటా జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం ఏళ్ళ తరబడి స్వరాజ్య మైదానంలోనే జరిగింది. ఆ మైదానంలో ఇప్పుడు అంబేడ్కర్ విగ్రహం నిలబడింది, పుస్తకాలు వేరే చోటికి కదిలాయి. అయినా పాత పుస్తకాల స్టాలు ఒకటి రెండు తగులుతూనే ఉంటాయి. గుంటూరు అన్నమయ్య గ్రంథాలయంలో, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల కట్టలున్నాయి. తన కథ అచ్చయిన ప్రతి పోగొట్టుకున్నవాళ్ళు శ్రీకాకుళం కథానిలయంలో వెతకాలి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఆ ఇంట్లో తెలుగు కథ కోసం మూలమూలల నుంచి పత్రికలు పోగుచేశారు. ఎన్నో కథల స్కాన్లు వాళ్ళ వెబ్‌సైటులోనూ దొరుకుతాయి.

లెనిన్ సెంటర్‌లో మంచి సంచిక దొరికితే మాత్రం ఇంటికి తెచ్చిన రోజే ఒక పని చేయండి. వెన్నుకున్న పిన్నుల కాళ్ళు లోపలివైపు నుంచి బ్లేడు మొద్దువైపుతో మెల్లగా లేపి, తిన్నగా నిలబెట్టి, బయటివైపు నుంచి లాగండి. పిన్ను తుప్పే కాగితాన్ని తినేస్తుంది. తీశాక అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలుదారం రెండు పేటలు పోసి వదులుగా కుట్టండి. బిగించి కుడితే పాత కాగితం రంధ్రం దగ్గర చినుగుతుంది. అట్ట విడిగా ఊడి ఉంటే సెల్లోటేపు అంటించకండి, అది కొన్నేళ్ళకి పసుపుపచ్చగా మారి బొమ్మనే పాడుచేస్తుంది. మైదాజిగురు పల్చగా రాసి, చిన్న తెల్లకాగితం పట్టీతో వెన్నుకి అతికి, రాత్రంతా బరువు కింద ఉంచితే చాలు.